నాలుగు గోడలు, ఒకటే బాణం

రుచితకు కుర్చీలో కుదురుగా కూర్చుని పని చేయడం రాదు. పటాన్‌చెరులో ఆమె పనిచేసే ఫ్లెక్సీ షాపులో ఇది అందరికీ తెలిసిన జబ్బే. డిజైను సగం కాగానే లేస్తుంది. మానిటర్‌ను గుమ్మం వైపు తిప్పి, సర్వీసు రోడ్డు దాటి, అవతలి పంక్చర్ షాపు ముందు నిలబడుతుంది. సంచిలోంచి పాత ప్లాస్టిక్ కళ్లద్దాలు తీసి పెట్టుకుని చూస్తుంది. అవి వాళ్లమ్మ ముత్యమ్మవి. గడ్డపోతారంలోని మందుల కంపెనీలో డ్రమ్ములు కడిగేటప్పుడు పెట్టుకుని, అరిగాక పక్కన పడేసినవి. నిండా గీతలే. వాటిలోంచి అక్షరం కనిపించిందా సరే. లేదంటే తిరిగొచ్చి చెరిపేస్తుంది.

ఇది ఎవరో నేర్పిన విద్య కాదు. డిగ్రీ రెండో ఏడు మధ్యలో మానేసింది. ఆమె ఏడవలేదు, ఇంట్లోవాళ్లే ఏడ్చారు. షాపులో చేరిన నెలకే పటేల్‌గూడలో ఒకాయన గృహప్రవేశానికి ఫ్లెక్సీ చేసింది. పదకొండు రంగులు, ఐదు రకాల అక్షరాలు, చుట్టూ పూలు. మానిటర్ మీద పెళ్లికూతురిలా ఉంది. మర్నాడు బండి మీద దాని కిందనుంచే పోతూ చూస్తే ఇల్లు ఎవరిదో తనకే అర్థం కాలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. అప్పటినుంచి పట్టింపులు మొదలయ్యాయి. ముందు చెత్తకాగితం మీద పెన్సిల్‌తో నాలుగైదు రకాలుగా గీయనిదే మౌస్ ముట్టదు. ఒక బోర్డు ఒకటే మాట చెప్పాలంటుంది. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి, అది ఎక్కడ కడతారో చూసిరావాలంటుంది.

ఓనరు వెంకటేశ్వరరావుకు ఇవేవీ గిట్టవు. గుడివాడ వైపు నుంచి ఇక్కడి ఒక ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక ఈ షాపు పెట్టాడు. అడుగుల లెక్కన డబ్బిచ్చేవాడు అంగుళం ఖాళీ వదిలినా ఒప్పుకోడని ఆయన వాదన. అది నిజం కూడా.

ఆ మంగళవారం ముత్యమ్మ పనిచేసే కంపెనీనుంచే పని వచ్చింది. ప్రమాదం జరిగితే అందరూ ఎటు పరుగెత్తి ఎక్కడ చేరాలో చూపే బోర్డులు. చీటీ మీద ‘ఒకే రకం, నాలుగు’ అని ఉంది. మర్నాడే తనిఖీ, అందుకని ఆ రోజు సాయంత్రం ఐదింటికే బండి వస్తుంది. పదకొండుకల్లా రుచిత ముగించింది. ఆకుపచ్చ మీద ఎదురుగా నిలబడ్డ తెల్లటి మనిషి, కింద ఒక లావుపాటి బాణం, రెండే మాటలు. వెంకటేశ్వరరావు మొహం ముడుచుకున్నాడు.

“అప్పడంలా ఉందేంటమ్మా? ఆ బాణానికి కాస్త నీడ పెట్టు, బంగారు అంచు వెయ్యి.”

వినిపించనట్టు లేచి రోడ్డు దాటింది. గీతల అద్దాల్లోంచి బాణం స్పష్టంగా కనిపించింది, కుడివైపుకు. అప్పుడు కుట్టింది పురుగు. బోర్డులు నాలుగు గోడలకు కడతారు. చేరాల్సిన మైదానం ఒక్కటే. నాలుగు బాణాలూ కుడికే ఎలా చూపిస్తాయి?

వెంకటేశ్వరరావు కంపెనీకి ఫోన్ చేశాడు. చీటీలో ఉన్నట్టే కానివ్వమని చెప్పి అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. ఇంకేం, మనకెందుకు అన్నాడాయన.

“మా అమ్మకు చదువు రాదు సార్. బాణం ఎటుంటే గటే ఉరుకుతది. జెర పోయి సూసొస్త.”

“ఇప్పుడు వెళ్తే మాత్రం రేపట్నుంచి రావద్దమ్మా.” ఆయన గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది. అయినా వెళ్లింది.

రెండు ఆటోలు మారి వెళ్తే వాచ్‌మన్ లోపలికి వదల్లేదు. గేటు ముందు అటూ ఇటూ తిరుగుతూ గోళ్లు కొరుక్కుంది. ఒంటిగంటన్నరకు ముత్యమ్మ టిఫిన్ డబ్బాతో బయటికొచ్చింది, కళ్ల చుట్టూ అద్దాల అచ్చు.

“ఏందే, పనిలకెళ్లి ఎల్లగొట్టిండ్రా?”

“ఇంకా లేదు. పొద్దుమీకితే ఎల్లగొడ్తరేమో.”

సంగతి విని ముత్యమ్మ చెట్టునీడలో డబ్బా విప్పింది. అక్షరం రాని మనిషికి కంపెనీ అంతా అరచేతిలో గీతే. రుచిత పరిచిన చెత్తకాగితం మీద డబ్బాను బాయిలర్ అని పెట్టింది, మూతను మైదానం అంది, నాలుగు ఉల్లిగడ్డ ముక్కలు బోర్డులు కట్టే చోట్లన్నది. ఒక్కో ముక్క దగ్గర తనే నిలబడ్డట్టు చేతులు తిప్పి చూపించింది. గేటు దగ్గర, గోదాము దగ్గర మైదానం కుడికే. బాయిలర్ దగ్గర, డ్రమ్ములు కడిగేచోట మాత్రం ఎడమకు.

“మా కాడ బువ్వ తినే చెయ్యి దిక్కు పోతే భగ్గుమనే సాల్వెంట్ ట్యాంకులే ఉన్నయి, బిడ్డా.”

నాలుగింటికి షాపులో అడుగుపెట్టేసరికి నాలుగూ ముద్రించి చుట్టేసి ఉన్నాయి. అన్నీ కుడికే. మళ్లీ ముద్రించడానికి ఆకుపచ్చ సిరా అయిపోయింది. వెంకటేశ్వరరావు తలెత్తలేదు.

రుచిత గడియారం చూసింది, ఇంకో గంటే ఉంది. తర్వాత రెండు బోర్డులు నేలమీద పరిచి, బ్లేడుతో బాణం చుట్టూ నలుచదరంగా కోసింది. ఆ ముక్కను తీసి, తలకిందులు చేసి, అదే ఖాళీలో పెట్టింది. అతికినట్టు కూర్చుంది. బాణం ఎడమకు తిరిగింది. నీడా అంచూ లేని మొద్దు బాణం కాబట్టి తిప్పినట్టే తెలియలేదు. వెనకనుంచి టేపు వేస్తుంటే ఒక మూల లేచిపోతోంది. ఎవరిదో చెయ్యి వచ్చి అదిమి పట్టుకుంది.

“నీడ పెట్టుంటే?” అడిగాడు వెంకటేశ్వరరావు.

“పట్టుబడేది సార్.”

ఆయన రెండో బోర్డు కూడా పట్టుకున్నాడు.

అంతలో ఆమెకు ఇంకో దిగులు. కట్టేవాడు ఒకదాని చోట ఒకటి కడితే? మార్కర్ తీసి బోర్డుల వెనక గేటు, గోదాము, బాయిలర్, డ్రమ్ము బొమ్మలు గీసింది. అప్పటికీ మనసు ఊరుకోలేదు. ఐదింటికి బండి రాగానే బోర్డులతోపాటు తనూ ఎక్కింది.

“మళ్లీ ఎక్కడికమ్మా?”

“కట్టేది సూసొస్త సార్.”

“సరే. పొద్దున తొమ్మిదింటికల్లా ఉండు,” అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

సరుకుతో వచ్చిందని ఈసారి వాచ్‌మన్ వదిలాడు. డ్రమ్ములు కడిగేచోట బోర్డు కట్టడం అయ్యేసరికి ముత్యమ్మ షిఫ్టు దిగుతోంది. మసకబారిన అద్దాలు ఇంకా మొహం మీదే ఉన్నాయి. తలెత్తి ఒక్క క్షణం చూసింది. బాగుందనలేదు, బాలేదనలేదు. ఎడమకు తిరిగి మైదానం వైపు నడిచింది.

రుచిత అది సగమే చూసింది. బోర్డు పైమూల వేలెడు వంగినట్టుంది. అప్పటికే నిచ్చెన ఎక్కుతోంది.