హిల్లెగొండ తిప్పిన భూమి

ఫ్రీస్‌లాండ్‌లో, కాలవగట్టు మీది చిన్న మ్యూజియంలో హిల్లెగొండ పొద్దున్నే బల్ల మీది సౌరమండలం నమూనాలోని ఇత్తడి గ్రహాలను ఏప్రన్ కొసతో తళతళలాడేలా తుడుస్తుంది. జనం చేరగానే గొంతు సవరించుకుని, గ్రహాలను కదిలించే పిడి తిప్పుతూ, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందంటే నమ్మని పూర్వులను తలచుకుని జాలిగా నవ్వుతుంది. ఏళ్ల తరబడి అదే నవ్వు. మొన్న ఒక ముసలి పడవ సరంగు టోపీ తీసి, బల్ల మీదికి వంగి చూశాడు.

"ఏం తల్లీ, మీ ఇంట్లో పొద్దు పడమట పొడుస్తుందా? భూమిని వెనక్కి తిప్పుతున్నావు!"

అందరూ గొల్లుమన్నారు. ఇన్నేళ్లూ ఆమె దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పింది; ఉత్తరం పైనుంచి చూస్తే అసలు భూమి తిరిగేది, తన చుట్టూ అయినా సూర్యుడి చుట్టూ అయినా, దానికి ఎదురు. తల కొట్టేసినట్టయింది. పిడిని మెల్లగా ఎదురు తిప్పితే, ఎన్నడూ అటు తిరగని పళ్లచక్రాలు కీచుమన్నాయి.

"నూనె వెయ్యాలి," అంది తలెత్తకుండా.

పూర్వుల మాట వచ్చేచోట ఆ పూట ఆమెకు నవ్వు రాలేదు.