రేవు దగ్గర నలభై నిమిషాలు

ఒక సంవత్సరం పాటు నేను కోడు చదవకుండా పనిచేశాను. మా కంపెనీలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. పైగా ఆ సంవత్సరమే నా పని చాలా బాగుందని మెచ్చుకున్నారు.

నా భార్య, నేను ఒకే కంపెనీలో ప్రోగ్రామర్లం. ఆఫీసు హైదరాబాదులో ఉంది. కరోనా రోజుల్లో అందరినీ ఇళ్ల దగ్గర నుంచే పనిచేయమన్నప్పుడు రాజోలు వచ్చేశాం. తర్వాత వాళ్లు గట్టిగా పిలవలేదు, మేమూ వెళ్లలేదు. మేడమీద గదిలో ఒకే గోడకు రెండు బల్లలు వేసుకున్నాం. రెండేళ్ల కిందట ఆమె జ్వరంతో ఆసుపత్రిలో చేరి, ఐదో రోజున చనిపోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు నేను నా బల్ల ముందు కూర్చున్నాను. వేరే ఏం చేయాలో తెలియలేదు.

మా ప్రోగ్రాం ఏం చేస్తుందో చెప్పాలి. సరుకులు పంచే వ్యాన్లలో ఒక చిన్న పెట్టె బిగిస్తారు. బండి ఎక్కడుందో, ఇంజను నడుస్తోందో ఆగిందో ఆ పెట్టె చెబుతూ ఉంటుంది. సరుకు దింపే చోటు, భోజన విరామం కాకుండా ఇంకెక్కడైనా పది నిమిషాలకు మించి ఆగితే దాన్ని మా ప్రోగ్రాం ఖాళీ సమయంగా రాస్తుంది. రోజు చివర డ్రైవరుకు నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. ఆ మార్కులు ఎవరు చూస్తారో, చూసి ఏం చేస్తారో మాకు సంబంధం లేదని నేను అనుకునేవాణ్ణి. ఆమె అలా అనుకునేది కాదు. "అవతల బండిలో మనిషున్నాడు కదా" అనేది. నేను విసుక్కునేవాణ్ణి.

కోడు తెరిస్తే ప్రతి లైను పక్కన దాన్ని రాసినవాళ్ల పేరు కనిపిస్తుంది. సగం లైన్ల పక్కన ఆమె పేరే. అంతకంటే కష్టం ఆమె రాసిన కామెంట్లు. కామెంట్లంటే మిషనుకు అక్కర్లేని మాటలు. తర్వాత ఎప్పుడో వచ్చి ఆ కోడు చదివే మనిషి కోసం రాసేవి. అందరూ వాటిని ఇంగ్లీషులో రాస్తారు. ఆమె ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేది. "దీన్ని ముట్టుకోకండి బాబూ, రెండు రోజులు పట్టింది" అని ఒకచోట. "ఇది నాకూ సరిగ్గా అర్థం కాలేదు, కాని పనిచేస్తోంది" అని ఇంకోచోట. అది చదివితే ఆమె గొంతు వినబడుతుంది. దుఃఖం గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. పని మధ్యలో, పదకొండు గంటలకు, వాహనాల ఫైలు తెరిస్తే చనిపోయిన మనిషి మాట్లాడుతుందని వాటిలో ఎక్కడా లేదు.

అందుకని పేర్లు కనబడకుండా పెట్టుకున్నాను. కామెంట్లు ముడుచుకుపోయేలా చేశాను. అప్పుడే కంపెనీ మా అందరికీ ఏఐ టూలు ఒకటి ఇచ్చింది. అది కోడు చదివి, ఏది మార్చాలో చెబుతుంది. నేను "ఒప్పుకుంటున్నాను" అని నొక్కితే చాలు. నాకు అది దయలా అనిపించింది. నా బదులు చదివేవాళ్లు దొరికారు.

ఒక శుక్రవారం పాత కోడు శుభ్రం చేసే పని నాకు వచ్చింది. అక్కర్లేనివని టూలు నలభై దాకా చోట్లు చూపించింది. భోజనానికి లేచేలోపు అన్నిటికీ ఒప్పుకున్నాను. పద్ధతి ప్రకారం ఇంకొకరు చూసి సరేననాలి. నేను సీనియర్ని కాబట్టి అది చూడాల్సిన కుర్రాడు కూడా చూడకుండానే సరేనన్నాడు. సాయంత్రం మా టీం లీడు చప్పట్ల బొమ్మ పంపింది.

ఆ తర్వాత ఐదారు వారాలకు ఒక ఆదివారం పొద్దున్న మందుల వ్యాను డ్రైవరు మా ఇంటికి వచ్చాడు. ఆయనది అంతర్వేది దగ్గర నా భార్య ఊరే. చుట్టరికం ఏమీ లేదు. ఊరి వరసన ఆమెను చెల్లి అనేవాడు, నన్ను బావగారంటాడు. రాజోలులో మందులు ఎక్కించుకుని సఖినేటిపల్లి వైపు ఊళ్లలో దింపి, రేవు దగ్గర బండితో సహా గోదావరి దాటించే పంటు ఎక్కి, అవతల నరసాపురంలో మిగిలినవి ఇచ్చి, మళ్లీ పంటు మీదే తిరిగి వస్తాడు. ఆమె ఉన్నప్పుడు నెలకోసారి ఎండు నెత్తళ్ల చేపలు తెచ్చి ఇచ్చేవాడు. పోయాక కూడా మానలేదు.

ఆ రోజు నెత్తళ్ల పొట్లం గట్టు మీద పెట్టి, ఫోను నా చేతికిచ్చాడు.

"బావగారూ, ఇన్నాళ్లకి మీ చదువుతో నాకు పనిబడిందండి."

"ఏమిటి?"

"నేను పడుకుంటున్నానంటండి. ఎల్లేటప్పుడు నలభై నిమిషాలు, వచ్చేటప్పుడు నలభై. మా సూపర్‌వైజరుగారు చెప్పేరు. కల్లుపాకలోంచి లాక్కొచ్చినట్టు చూసేరండి నాకేసి."

"నిజంగా ఆగుతున్నారా?"

"ఆయ్, ఆగకేం చేత్తానండి. పంటు ఇవతలికి రావాలి కదా. బండిని నీళ్ల మీద తోలమంటారేంటి?" అని నవ్వాడు. వెంటనే నవ్వు ఆపేశాడు. "ఇన్నేళ్లూ ఏమీ అన్లేదండి. నెల్లాళ్ల నించే. పంటు సంగతి చెప్పేనండి, మార్కులే చూత్తామన్నారు. వరసగా మూడు వారాలు అరవై లోపు వత్తే రూటు మార్చేత్తారంట. రెండయిపోయేయి."

ఆ రూటు ఆయనకు ఎందుకు కావాలో నాకు తెలుసు. ఆయన తమ్ముడు కాయల దింపు తీయడానికి కొబ్బరిచెట్టు ఎక్కి జారి పడ్డాడు. నడుము కింద చచ్చుబడిపోయింది. ఇంట్లో ఆడవాళ్లు రొయ్యల షెడ్డులో పనికి వెళ్లి సాయంత్రానికి గాని రారు. మధ్యాహ్నం భోజన విరామంలో ఆయన బండి ఇంటి ముందు ఆపి, తమ్ముణ్ణి ఒత్తిగిలించి, వీపు తుడిచి, అన్నం పెట్టి వెళతాడు. ఒక్కపూట ఒత్తిగిలించకపోతే పుండు పడుతుందని డాక్టరు చెప్పాడు. ఇల్లు ఆ రూటులో ఉంది కాబట్టి అది జరుగుతోంది.

ఫోనులో ఉన్న తెర మాది. ఆ రంగు, ఆ అక్షరాలు, కింద చిన్న పసుపు గీత. ఏళ్ల తరబడి నేను చూసిన తెరే. ఆ మాట ఆయనతో అనలేదు. "చూస్తానండీ" అన్నాను.

ఆయన వెళ్లాక మేడమీదికి వెళ్లి, నేను తీసేసిన వాటి పాత ప్రతి తెరిచాను. సంవత్సరం తర్వాత మొదటిసారి పేర్లూ కామెంట్లూ కనబడేలా పెట్టాను. వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. నాలుగు లైన్లు. రేవు ఒడ్డున ఉన్నా, నది మధ్య ఉన్నా ఆ సమయాన్ని ఖాళీ కింద రాయొద్దని. పైన ఆమె కామెంటు:

"సఖినేటిపల్లి రేవు. బండి ఇక్కడ పంటు కోసం చూస్తుంది. పాటు మీద ఉంటే ఇంకా ఆలస్యం. డ్రైవరు తప్పు కాదు. ఇది మార్చేముందు ఒకసారి వచ్చి పంటు ఎక్కండి."

పాటంటే సముద్రం వెనక్కి తీసే వేళ. అప్పుడు నీరు తగ్గి పంటు ఒడ్డుకు సరిగ్గా రాలేకపోతుంది. నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పెళ్లయిన కొత్తలో ఆ పంటు ఎన్నిసార్లు ఎక్కామో లెక్కలేదు. తీసేయడానికి టూలు రాసిన కారణం కూడా పక్కనే ఉంది: ఒక్క చోటుకే వర్తించే నియమం, తొలగించవచ్చు. కింద ఒప్పుకున్నది నేను.

సోమవారం టీం లీడుకు ఫోను చేశాను. నాకంటే చిన్నది, మంచి మనిషి. నా భార్య పోయినప్పుడు హైదరాబాదు నుంచి కారులో వచ్చి వెళ్లింది.

"మీరే కదా తీసింది?" అంది.

"అవును."

"అప్పుడు కారణం రాశారు కదా."

"టూలు రాసింది."

"ఆ కారణంలో తప్పేముంది చెప్పండి. ఊరికో రూలు పెట్టుకుంటూ పోతే ఎలా? సరే, రిక్వెస్టు పెట్టండి. వచ్చే రిలీజులో పెడదాం."

"ఎప్పుడు?"

"మూడు వారాలు."

"ఆయనకి ఒక్క వారమే ఉంది."

"ఒక్క డ్రైవరు కోసం మధ్యలో మార్పు చేయలేమండీ. మీకు తెలియనిదా" అంది.

తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. ఎవరినీ అడగకుండా ఆ నాలుగు లైన్లు అప్పటికప్పుడు తిరిగి పెట్టే అధికారం నా లాప్‌టాప్‌కు ఉంది. ఐదు నిమిషాల పని. ఉద్యోగం పోవచ్చు, పోకపోవచ్చు. ఆ వారమంతా రోజూ ఒకసారి ఆ ఫైలు తెరిచి చూసి మూసేశాను. మందుల కంపెనీ వాళ్లకు నేరుగా ఫోను చేయడం మాకు నిషేధం. అదీ చేయలేదు. పద్ధతిగా రిక్వెస్టు రాశాను. చాలా బాగా రాశాను.

శనివారంతో మూడో వారం అయిపోయింది. సోమవారం ఒక్కరోజు పాత రూటులో వెళ్లి, మంగళవారం నుంచి అమలాపురం రోడ్డు మీద తిరగమన్నారని ఆయన ఫోనులో చెప్పాడు. సోమవారం నేనూ వస్తానన్నాను. ఎందుకని అడగలేదు. "రండి బావగారూ, పంటెక్కి చాలారోజులయ్యింది కదా" అన్నాడు.

మేం రేవుకు చేరేసరికి గోదావరి పాటు మీద ఉంది. పంటు అవతలే ఉండిపోయింది. ఆయన ఇంజను ఆపేసి, సెల్లు తీసి టైము చూసి, "మొదలెట్టింది లెక్క" అన్నాడు. ముందు ఒక ఆటో, రెండు మోటారు సైకిళ్లు ఉన్నాయి. ఆటో ఆయన దిగి, "ఏరా, రూటు మార్చేసేరంట కదా? నిద్రెక్కువైపోయిందంటగా" అని మేలమాడాడు. "ఆయ్, ఇకనించి అమలాపురంలో పడుకుంటానండి" అన్నాడు ఈయన.

పంటు వచ్చి, బండి ఎక్కించి, రేవు వదిలాక చెప్పాను. ఆ ప్రోగ్రాం మాదేనని. రేవు సంగతి ముందే అందులో ఉండేదని.

"ఎవరు పెట్టేరండి?"

"మీ చెల్లి."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమని రాసింది?"

ఫోనులో రాసుకున్నది చదివాను. "పాటు మీద ఉంటే" దగ్గర తల ఊపాడు. "పంటు ఎక్కండి" దగ్గర నవ్వాడు. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

"అలాగే మాట్లాడేది" అన్నాడు. తర్వాత, "మరి తీసిందెవరండి?"

"నేను."

"చూసే తీసేరా?"

"చూడలేదు. ఆవిడ రాసినవి చదవలేక, చూడకుండా తీసేశాను."

ఆయన బండి వెనక్కి వెళ్లి మందుల పెట్టెలకు కట్టిన తాడు లాగి చూసి, మళ్లీ వచ్చాడు. "రేపట్నించి తమ్ముణ్ణి ఒత్తిగిలించడానికి పక్కింటోళ్లని అడగాలండి" అన్నాడు. నన్ను తప్పుపట్టినట్టు లేదు. చేయాల్సిన పని ఒకటి గుర్తుచేసుకున్నట్టు ఉంది.

నరసాపురం ఒడ్డున బండి దించాక అడిగాడు. "మీరు ఇట్నించిటే బస్సెక్కుతారా, సార్?"

ఎక్కుతానన్నాను. పదిహేనేళ్లలో ఆయన నన్ను సార్ అనడం అదే మొదలు.

రెండు వారాల తర్వాత మార్పు అమల్లోకి వచ్చింది. ఆ రూటులో తిరిగే కొత్త డ్రైవరుకు మార్కులు బాగానే వస్తున్నాయట. పాత రూటు ఈయనకు తిరిగి ఇవ్వలేదు. అడిగితే, కుదిరిన ఏర్పాటు మళ్లీ ఎందుకు కదపడమన్నారట. నెత్తళ్లు ఆ నెల రాలేదు, తర్వాత కూడా రాలేదు.

ఇప్పుడు నేను మార్చే ప్రతి లైనూ, దాని కామెంటూ చదువుతున్నాను. పని సగానికి తగ్గింది. ఆరోగ్యం ఎలా ఉందని టీం లీడు అడిగింది.

ఒకటి మాత్రం నేను ముందు ఆలోచించలేదు. తీసేసిన లైను తిరిగి పెడితే, దాని పక్కన ఆ తిరిగి పెట్టినవాడి పేరు పడుతుంది. రేవు గురించిన ఆ నాలుగు లైన్ల దగ్గర, పంటు ఎక్కమన్న ఆ మాట దగ్గర, ఇప్పుడు ఆమె పేరు లేదు. నా పేరు ఉంది.