అందరి గొంతూ నేనే అయిన అరగంట

చదువుకున్న మనిషి నోరు తెరిస్తే ఎంత నష్టం జరుగుతుందో మీకెవరికైనా అనుమానం ఉంటే, ఇది చదవండి. ఆ నోరు నాదే.

అప్పుడు నాకు పాతికేళ్ళు. సోషియాలజీలో ఎం.ఏ., ఉప్పల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు. సాయంత్రాలు నాచారంలో బట్టల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు పెట్టుకున్న సంఘానికి వెళ్ళేదాన్ని. వాళ్ళని చైతన్యపరుస్తున్నానని నా నమ్మకం. టీ తాగి, అర్జీలు రాసిపెట్టి పోతుందని వాళ్ళ నమ్మకం.

ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ మరుగుదొడ్డి తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో ఉండేది. అడిగినప్పుడల్లా "మళ్ళా ఎందుకు?" అనేవాడట. ఇదేం పద్ధతని అక్కడ మిషను కుట్టే యాదమ్మ నిలదీస్తే, రేపట్నుంచి పనికి రావద్దన్నారు. సంఘం తిరగని ఆఫీసు లేదు. చివరికి కార్మిక శాఖ అధికారి ఒకాయన సంఘానికి వచ్చి వింటానన్నాడు. అరగంటే టైము.

సంఘంలో ఒక కట్టుబాటుంది. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా తేలదని యాదమ్మే పెట్టింది. స్టీలు గ్లాసు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. అయ్యాక పక్కవాళ్ళకి అందించాలి. అంతదాకా మిగతావాళ్ళు నోరెత్తకూడదు.

"మేడం, జర మా పేర్లు జెప్పి గ్లాసు నాకియ్యుండ్రి," అంది యాదమ్మ, అధికారి వచ్చిన రోజు గ్లాసు ముందుగా నా చేతిలో పెడుతూ.

"రెండే మాటలు యాదమ్మా," అన్నాను.

కోతికి కొబ్బరికాయ దొరికితే ఏమవుతుందో మీకు తెలుసు. నాకు స్టీలు గ్లాసు దొరికింది. స్త్రీ గొంతుని చరిత్ర ఎలా నొక్కేసిందో ఆదిమ సమాజం నుంచి ఎత్తుకున్నాను. పారిశ్రామిక విప్లవానికి చేరేసరికి పావుగంట అయింది. నాచారం ఇంకా చాలా దూరం. మధ్యలో యాదమ్మ గ్లాసు కోసం చెయ్యి చాపింది. ఉద్వేగం పట్టలేక చాపిందనుకుని, ఆ చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపి, మళ్ళీ అందుకున్నాను. ఒక్కరూ కిక్కురుమనలేదు. తన్మయత్వం అనుకున్నాను. గ్లాసు నా దగ్గరుంటే పాపం వాళ్ళేం చేస్తారు?

"వీళ్ళని ఏనాడూ ఎవరూ మాట్లాడనివ్వలేదు సార్," అని బల్ల గుద్దాను.

అధికారి వాచీ చూసుకున్నాడు. "మంచిగ జెప్పిన్రమ్మా. ఇంతకూ ఫ్యాక్టరీల ఏమైంది?"

"అక్కడికే వస్తున్నాను సార్."

"టైమైపోయింది. ఘట్‌కేసర్‌ల ఇంకో మీటింగున్నది. వచ్చే నెల వస్త."

"సార్, మరి యాదమ్మ సంగతి?"

"యాదమ్మ ఎవరు?"

పేర్లు చెప్పలేదని నాకప్పుడు గుర్తొచ్చింది.

జీపు వెళ్ళిపోయింది. యాదమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "గొంతెండిపోయి ఉంటది, నీళ్ళు తాగుండ్రి మేడం," అంది. ఆ నెలంతా ఆమె పని లేకుండా ఇంట్లో కూర్చుంది. అందుకు కారణం సూపర్‌వైజర్ ఒక్కడే కాదు. ఇప్పటికీ నాచారం బస్సెక్కితే తలెత్తుకుని కూర్చోలేను.

మరుసటి నెల అధికారి వచ్చాడు. నాకు గుమ్మం బయట చెప్పులు చూసే పని అప్పజెప్పారు. లోపల యాదమ్మ మాట్లాడింది. "మా మరుగుదొడ్డి తాళంచెవి సూపర్‌వైజర్ జేబుల ఉంటది సార్. పోవాల్నంటే మొగోన్ని అడగాలె. ఎందుకని అడిగిన, పనికెల్లి తీసేసిన్రు. మీ ఇంట్ల ఆడోళ్ళు గిట్లనే అడుగుతరా?" అంతే. అధికారి లేచి, ఫ్యాక్టరీ చూపించమన్నాడు. వారం తిరక్కుండా యాదమ్మ మళ్ళీ మిషను ముందు కూర్చుంది. తాళంచెవి గోడమీద మేకుకెక్కింది.

ఆ రోజు ఫ్యాక్టరీకి బయల్దేరుతూ అధికారి గుమ్మంలో నన్ను చూసి ఆగాడు. "మీరేమన్న చెప్పేదుందా అమ్మా?"

నేను నోరు తెరిచేలోపే యాదమ్మ అడ్డం వచ్చింది. "ఆమెను అడగకుండ్రి సార్, పొద్దుగూకుతది."

కాబట్టి పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి హక్కుల కోసం ఎక్కడ నిలబడ్డా, నోటినిండా వక్కపొడి పోసుకునే నిలబడతాను. ఈ ప్రమాణం వెనకున్న చారిత్రక నేపథ్యం గురించి ఇంకా చాలా చెప్పాలని ఉంది. చెప్పను.