సూది లేని రెండు రోజులు

చాట్రాయిలో మామిడికాయ కోసే ముఠాలు నాలుగున్నా, తోటల వాళ్ళు ముందు కబురు పెట్టేది మల్లయ్యకే. యాభై నాలుగేళ్ళ మనిషి. కొసన వల సంచి ఉన్న చిక్కం కర్ర పట్టాడంటే చిటారుకొమ్మన ఉన్న చిన్నరసం కూడా దెబ్బ తగలకుండా కిందికి దిగుతుంది. షుగరుంది. గుర్తొచ్చినప్పుడు మాత్ర వేసుకుంటాడు. గుర్తు రావడమే అరుదు.

ఈ ముఠాలో ఒక అలవాటుంది. తొడిమ తెగినప్పుడు చిమ్మే సొన ఒంటి మీద పడితే కాలి బొబ్బెక్కుతుంది. దానికి వీళ్ళ మందు చెట్టు పాదులోని తడిమట్టి. గుప్పెడు తీసి మెత్తుతారు, చల్లగా ఉంటుంది, మళ్ళీ చెట్టెక్కుతారు. మల్లయ్య ముప్పయ్యేళ్ళుగా అదే చేస్తున్నాడు, చేరిన ప్రతివాడికీ అదే నేర్పాడు. మొన్న మే నెలలో వానలకి పాదులు నానిన రోజుల్లో అతని ఎడమ చేతి మీద సొన పడింది. మట్టి మెత్తాడు. పుండు వారంలో మానింది.

జూన్‌లో జ్వరం మొదలైంది.

ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీ రవికిరణ్ రక్తం తీయించి టైఫాయిడ్ అన్నాడు. ఆయన దగ్గరికి జ్వరంతో వెళ్ళినవాళ్ళలో టైఫాయిడ్ లేదనిపించుకుని వచ్చినవాడు ఇంతవరకూ లేడు. ఐదు రోజులు సూదులు వేయించుకోమంటే మల్లయ్య మూడో రోజుకే మానేశాడు. జ్వరం తగ్గింది, కలెక్టరు రకం మామిడి కోత మిగిలుంది, ఇంకేం కావాలి? పది రోజులకి మళ్ళీ జ్వరం, మళ్ళీ సూది. జూలైలో మూడోసారి. ఆగస్టులో దగ్గు పట్టుకుంటే నూజివీడులో ఒక క్లినిక్కులో ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తి మీద మచ్చ చూపించి టీబీ అన్నారు. కఫంలో ఏమీ దొరకలేదు. అయినా టీబీయే అన్నారు. రెండు నెలలు మాత్రలు మింగితే మూత్రం ఎర్రగా వచ్చింది తప్ప జ్వరం పోలేదు. టీ కొట్టు దగ్గర మాత్రం అంటుకుంటుందని అతనికొక్కడికే కాగితం కప్పులో ఇవ్వడం మొదలెట్టారు.

అక్టోబరుకి పద్నాలుగు కేజీలు తగ్గాడు. ఎడమ చెయ్యి వాచి చీము పట్టింది. భార్య అచ్చమ్మ పోరు పెట్టి విజయవాడ పెద్దాసుపత్రికి లాక్కుపోయింది.

అక్కడ డాక్టరు సాయి ప్రియ. ఇన్ని నెలల్లో "ఏం పని చేస్తారు?" అని అడిగిన మొదటి డాక్టరు ఆవిడే.

"కాయ కోస్తానమ్మా."

"ఈ చేతికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

"దెబ్బేం లేదు. సొన పడితే మట్టి పెట్టా."

ఆవిడ రాయడం ఆపింది. "ఏం మట్టి?"

"పాదు మట్టమ్మా. తోటలో ఇంకేం మట్టుంటది?"

తడిమట్టిలో ఒక రకం బాక్టీరియా ఉంటుందని, పుండులోంచి లోపలికి పోతుందని, షుగరున్నవాళ్ళని ఎక్కువ పీడిస్తుందని, చూడ్డానికి టీబీలాగే ఉంటుందని ఆవిడ చెప్పింది. మామూలు సూదులకి అణుగుతుంది, చావదు. చీము తీసి, అందులో క్రిమిని పెంచి చూసే కల్చరు పరీక్షకి పంపింది. నాలుగు రోజులకి కాగితం వచ్చింది. ఏమీ పెరగలేదు.

"చీము తీసిన రోజు పొద్దున ఏమైనా ఇంజెక్షన్ చేయించుకున్నారా?"

"ప్రయాణం గదమ్మా. ఓపిక్కి రవికిరణ్ గారు ఒకటేశారు."

డాక్టరు కళ్ళు మూసుకుని తెరిచింది. మందు పడ్డాక తీసిన చీములో క్రిమి పెరగదని చెప్పింది. మల్లయ్యకి ఇట్టే అర్థమైంది.

"కార్బైడేసి మగ్గేసిన కాయ తెచ్చి, చెట్టు మీద ఎప్పుడు పండేదో చెప్పమన్నట్టుంది."

"అంతే బాబాయ్. క్రిమి ఏదో తెలిస్తేనే సరైన మందు. ఇంకా ఆలస్యమైతే రక్తంలోకి దిగుతుంది, అప్పుడు ప్రాణానికే ముప్పు. బెడ్ ఇస్తాను, ఉండండి."

మల్లయ్య ఉండనన్నాడు. ఆవిడ బతిమాలి, కోప్పడి, చివరికి కాగితం మీద రాసిచ్చింది. శనివారం, ఆదివారం సూది వద్దు. టీబీ మాత్రలూ వద్దు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఆయాసమొచ్చినా, మాట తేడాగా ఉన్నా ఆ క్షణమే రావాలి. లేకపోతే సోమవారం, మళ్ళీ చీము తీయించుకోడానికి.

శనివారం వణుకు మంచాన్ని కదిపింది. ఆదివారం పొద్దున రవికిరణ్ బండి గుమ్మం ముందు ఆగింది.

"ఏం మల్లయ్యా, నా సూది చేదైపోయిందా? ఒళ్ళు కాలిపోతుంటే చూస్తూ ఊరుకోమందా మీ డాక్టరమ్మ?"

"ఊరుకోమంది. మీరెళ్ళండి."

"రేపు ఏదన్నా అయితే నా మీదకి రాకండి మరి."

"రాం లెండి. వచ్చే ఓపికెక్కడుంది?"

సోమవారం తెల్లవారేసరికి ఒళ్ళు చల్లబడింది. బస్సుల్లో మల్లయ్య దారి పొడుగునా గొప్పలు పోయాడు. ఆసుపత్రిలో నర్సు అడిగితే ఛాతీ విరుచుకుని చెప్పాడు. "ఒక్క సూది కూడా లేదమ్మా."

అచ్చమ్మ గోడవైపు చూస్తూ అంది. "ఉందమ్మా. నేనే వేయించా."

"ఏంటీ?"

"నిన్న మూడింటికి. నన్ను పట్టుకుని మీ అమ్మనుకుని మాట్లాడావు. భయమేసి ఆయన్ని పిలిపించా."

మల్లయ్య అరుపుకి వరండా అంతా తిరిగి చూసింది. "పళ్ళు బిగించుకుని పడున్నా గదే! సూదులు సగంలో ఆపింది నేను, మాత్రలు మర్చిపోయింది నేను. ఈ ఒక్కటి సరిగ్గా చేద్దామంటే నువ్వు చెడగొట్టావా?"

"చెడగొట్టా. దాచితే మళ్ళీ ఉత్త కాగితమే వస్తదని చెప్పా. తిట్టుకో."

"మాట తేడా వస్తే తీసుకురమ్మన్నాను కదమ్మా!" అంది అరుపు విని వచ్చిన సాయి ప్రియ.

"నిలబడలేని మనిషిని మూడు బస్సులు మార్చి ఎట్టా తీసుకురానమ్మా?"

ఈసారి డాక్టరు మల్లయ్యని అడగలేదు, నేరుగా వార్డులో పడుకోబెట్టింది. మూడు రోజులు మందు లేకుండా, గంట గంటకీ బీపీ చూస్తూ ఉంచారు. మంగళవారం సాయంత్రం జ్వరం తిరిగొచ్చింది. మల్లయ్య అచ్చమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె గంజి పట్టిస్తే తాగాడు, మొహం తిప్పుకున్నాడు. గురువారం స్కానింగులో చూస్తూ చేతి లోతునుంచి చీము తీశారు, రక్తమూ తీశారు. అరగంటలో మందు డ్రిప్పు ఎక్కించారు.

ఆదివారం డాక్టరు కాగితం పట్టుకుని తనే వచ్చింది. "దొరికింది బాబాయ్. ఆ మట్టి క్రిమే, బర్కోల్డేరియా. జబ్బు పేరు మెలియాయిడోసిస్. మీకు టీబీ లేదు."

"లేదా? మరి ఆ మాత్రలు?"

"దండగ."

"కాగితం కప్పులో టీ ఇచ్చినోళ్ళకి నేనేం చెప్పాలమ్మా?"

ఆవిడ రెండు వారాలు డ్రిప్పు, ఆ తర్వాత కనీసం మూడు నెలలు మాత్రలు, ఒక్క పూట కూడా తప్పకూడదని చెప్పి పక్క మంచానికి వెళ్ళింది. కోపం ఎవరి మీద చూపించాలో మల్లయ్యకి తేలలేదు. స్టూలు మీద అచ్చమ్మ కునుకుతోంది.

"ఏమే," అన్నాడు. సోమవారం తర్వాత ఆమెతో అదే మొదటి మాట. "డ్రిప్పు అయిపోవస్తోంది, కనపడట్లా? పోయి సిస్టర్ని పిలువు."

ఆమె ఉలిక్కిపడి లేచి, పరిగెత్తింది.