కళ్ళం దెబ్బ

అది నిరుడు కార్తీకంలో రెండో సోమవారం, సాయంత్రం నాలుగున్నర. నేను రోజులు, వేళలు మర్చిపోయే మనిషిని కాను. ఈ విషయంలో అయితే మర్చిపోదలుచుకోలేదు కూడా. ఇవాళ పొద్దున నీళ్ళు కాగబెట్టడానికి పత్తికట్టె కావలసి, కళ్ళం పక్కన పేర్చిన మోపులు లాగుతుంటే అడుగు నుంచి ఒక ఫుట్‌బాల్ బయటికి వచ్చింది. గాలి పోయి, ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది. చేత్తో పట్టుకోగానే ఒళ్ళు మండింది. ఏడాది దాటినా తగ్గని కోపం అది. తగ్గించుకోవాలని నేను ప్రయత్నించిందీ లేదు.

మా ఊరి ఆడపిల్లల జట్టు సంగతి అర్థం కావాలంటే ముందు మా కళ్ళం గురించి చెప్పాలి. మిరపకాయలు ఆరబోసే నేల అది. మాదీ మా మరిదిదీ కలిపి ఎకరం పైన ఉంటుంది. నీళ్ళు చల్లి, రోలర్ తొక్కించి, గచ్చులా చేసి ఉంచుతాం. పిల్లలు ఆడుకోవడానికి ఊళ్ళో అంత చదునైన జాగా మరొకటి లేదు. చిక్కల్లా, మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా నడుమంతా కాయలే పరిచి ఉంటాయి. పిల్లలు ఈ చివర కొందరు, ఆ చివర కొందరు నిలబడి, మధ్యలో ఉన్న ఎర్రటి పరుపు మీదుగా బంతిని ఎత్తి కొట్టుకునేవాళ్ళు. పొరపాటున కాయల్లో పడిందా, మా మరిది తిట్లు ఒక ఎత్తు, ఆ బంతిని ముట్టుకున్న చెయ్యి కంటికి తగిలితే పుట్టే మంట ఇంకో ఎత్తు. నా మనవరాలు తొమ్మిదేళ్ళప్పుడు అలాగే కళ్ళు నులుముకుని దీపాలు పెట్టేదాకా ఏడ్చింది. మర్నాటి నుంచి అది కొట్టిన బంతి కాయల్లో పడలేదు. పదిహేనో ఏడు వచ్చేసరికి ఈ గట్టున తన్నితే ఆ గట్టున పడేది. పక్క ఊళ్ళవాళ్ళు దానికి కళ్ళం దెబ్బ అని పేరు పెట్టారు. ఆ ఒక్క దెబ్బతో, దాని వెంట పరిగెత్తే ఇద్దరు పిల్లలతో, చుట్టుపక్కల ఊళ్ళ మీద రెండేళ్ళు గెలిచారు. జట్టుకు చొక్కాలూ బస్సు ఖర్చులూ ఇచ్చేది మా మరిదే. ఆ దెబ్బ తానే కనిపెట్టినట్టు మీసం దువ్వుకునేవాడు. తిట్టింది తనే కాబట్టి కొంత నిజమేనేమో.

ఆ సోమవారం మా మరిది పిలిపించిన కొత్త కోచ్ సత్తెనపల్లి నుంచి వచ్చి బస్సు దిగింది. పాతికేళ్ళ పిల్ల, సన్నగా, గొంతు మాత్రం మైకు అక్కర్లేనంత. పెద్ద జట్లలో పొడుగు పిల్లలుంటారనీ, పైన వచ్చే బంతిని తలతో తోసేస్తారనీ, ఇకమీదట బంతి నేల మీదే ఒకళ్ళ కాలి నుంచి ఒకళ్ళ కాలికి వెళ్ళాలనీ చెప్పింది. నేను గట్టున మంచం మీద కూర్చుని కందికాయలు ఒలుస్తున్నాను. బంతి దొర్లుతూ వస్తుంటే పిల్లలు పామును చూసినట్టు వెనక్కి జరగడమో, అడుగున కాలు పెట్టి పైకి లేపేయడమో. గంట చూసి, విసిగిపోయి ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"కింద ఆడమంటే వీళ్ళకి భయమేంటండీ మామ్మగారూ?"

"కాయలమ్మా."

"కళ్ళంలో కాయల్లేవుగా?"

"కళ్ళంలో లేవు. వాళ్ళ కాళ్ళకింకా ఉన్నాయి."

అంతా విని పకపకా నవ్వింది. మర్నాడు మా ఇంట్లోని పాత గోనె పట్టాలన్నీ అడిగి తీసుకుని, కాయలు పోసినట్టే మళ్ళు మళ్ళుగా పరిచింది. "కాయలు తిరగేసేటప్పుడు ఎక్కడ నడుస్తారే మీరు?" అంది. "మధ్య దారుల్లో మేడం," అన్నారు పిల్లలు. "బంతీ ఆ దారుల్లోనే నడవాలి. పట్టా తొక్కిందా, తాతగారిని పిలుస్తా." పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. వారం తిరిగేసరికి బంతి ఆ దారులు పట్టుకుని, మలుపుల దగ్గర కాలు మారుతూ, ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళడం నా కళ్ళతో చూశాను. అంత అందమైన పని మా కళ్ళం మీద అంతకు ముందు జరగలేదు.

మొదటి ఆట ఆ అమ్మాయి వచ్చాక రెండో ఆదివారం, చిలకలూరిపేటలో. అయిదు గోల్స్ తేడాతో ఓడిపోయారు. పట్టాలు లేని మైదానంలో దారులు కనపడలేదు పాపం. ఆ తర్వాతి ఆదివారం రెండు తేడాతో ఓడారు. మా మరిదికి నిద్ర కరువైంది. మూడోది కూడా పోతే కోచ్‌ని పంపించేస్తానని ఊరంతా వినేలా చెప్పాడు. పిల్లలకు ఆ అమ్మాయి మీద ప్రాణం. నా మనవరాలు ఆ వారమంతా అన్నం ముందు కూర్చుని కూడా కంచం పక్కన వేలితో దారులు గీసుకునేది.

నాలుగో ఆదివారం ఆట మా కళ్ళం మీదే. ఊరు ఊరంతా వచ్చింది. ముందు ఒక గోల్ పడింది. తర్వాత మావాళ్ళు నేల విడవకుండా పదకొండు పాసులు ఆడి, గోల్ వేసి సమం చేశారు. లెక్క నాది, అనుమానం అక్కర్లేదు. ఇంకో పది నిమిషాలుందనగా బంతి నా మనవరాలి కాళ్ళ దగ్గరికి వచ్చింది. పక్కనే ఒక పిల్ల ఒంటరిగా, చెయ్యెత్తి నిలబడి ఉంది. కోచ్ "కింద! కింద!" అని అరుస్తోంది. అప్పుడు లేచాడు మా మరిది.

"ఏందే ఆ అప్పగింతలు! కొట్టవే! పైకి కొట్టు!"

ఆయన వెనక ఊరంతా అందుకుంది. అది ఒక్క క్షణం ఆగి, కొట్టింది. బంతి గట్టు దాటి పత్తికట్టె మోపుల్లో పడింది. వెతికితే దొరకలేదు. వేరే బంతి తెచ్చి అవతలివాళ్ళు లోపలికి విసిరారు, రెండు నిమిషాల్లో గోల్ వేశారు. ఆట అయిపోయింది.

"మీ పాసులూ వద్దు, మీరూ వద్దమ్మా. రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు మా మరిది ఆ అమ్మాయితో, అందరి ముందూ.

నేను మంచం దిగాను. "ఏమయ్యా, నారు పోస్తే నాటేదాకా నలభై రోజులు మడి చుట్టూ తిరుగుతావే, మధ్యలో కాయేదని పీకి చూస్తావా?"

"ఆట సంగతి మీకేం తెలుసు వదినా?"

"లెక్క తెలుసు. మొదట అయిదు తేడా, తర్వాత రెండు, ఇవాళ నువ్వు నోరు తెరిచేదాకా తేడా లేదు. ఇది ఎక్కుతోందా, దిగుతోందా?"

"ఓడితే ఓడినట్టేగా వదినా," అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి నాకు నమస్కారం పెట్టి, పట్టాలు మడిచి మా వరండాలో సర్ది మరీ బస్సెక్కింది. పట్టాలు సర్దనిదే వెళ్ళని మనిషిని వద్దన్న ఊరు మాది.

ఇంటికి వచ్చాక నా మనవరాలు ఒకే మాట అంది. "పక్కన అది ఉందని నాకు కనపడింది నాయనమ్మా. కానీ తాతయ్య కేక ముందు వినపడింది." ఆ తర్వాత బూట్లు ముట్టుకోలేదు. పైకి కొట్టే ఆట మళ్ళీ మొదలుపెట్టినా, కొట్టే పిల్లే లేకపోయింది. సంక్రాంతి లోపే జట్టు ఆగింది. మా మరిది ఇప్పుడు వాలీబాల్ గురించి మాట్లాడుతున్నాడు.

బంతిని కడిగి, ఆ పట్టాల మీదే పెట్టాను. దాన్ని పోయినవాటిలో కలపను. పోయినవి ఇవి: మూడు ఆటలు, ఒక కోచ్, ఒక జట్టు, నా మనవరాలి కాలు. నారుకు మేమిచ్చేది నలభై రోజులు. ఆ పిల్లలకు ఇచ్చింది ఇరవై ఎనిమిది. పోయినవి పన్నెండు రోజులు.