ఆమె కంచంలో నేను కలిపిన నెయ్యి

కొన్నేళ్ళుగా మోస్తున్నాను దీన్ని. దించుకునే చోటు దొరకలేదు. స్నేహితులతో చెబితే నవ్వేస్తారు. భార్యకి నెయ్యి పెట్టడం కూడా పాపమేనా అంటారు. అందుకే నా ముఖం తెలియని మీతో చెబుతున్నాను. మీరు నవ్వకండి. నా భార్య ఒంటికి, అంతకన్నా ఎక్కువగా ఆమె ధైర్యానికి నేను ద్రోహం చేశాను. తెలిసే చేశాను.

ఆమెను మాధవి అంటాను. అసలు పేరు కాదు. ఇద్దరం కాకినాడ వైపు వాళ్ళం. ఉద్యోగాల కోసం గురుగ్రామ్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నాది ఇంట్లో కూర్చుని చేసే పని. మాధవి రోజూ మెట్రోలో ఢిల్లీ వెళ్ళి, వాడిపోయిన ముఖంతో తిరిగి వచ్చేది. కాబట్టి సాయంత్రం వంట నాది. వండి పెట్టే మొగుడు దొరికాడని ఆమె స్నేహితురాళ్ళు అసూయపడేవారు.

ఒకసారి రక్తపరీక్ష చేయిస్తే, షుగర్ గుమ్మం దాకా వచ్చిందనీ, బరువు తగ్గితే ఆగుతుందనీ డాక్టర్ చెప్పింది. మాధవి వణికిపోయింది. వాళ్ళ అమ్మగారు షుగర్‌తోనే ముందు చూపు, తర్వాత కాలు పోగొట్టుకుని మంచంలో పోయారు. ఆ కాలి పుండు కడిగి కట్టు కట్టింది మాధవే.

మర్నాటి నుంచే మొదలుపెట్టింది. పొద్దున్నే పార్కులో నడక. అన్నం తగ్గించింది. ఆఫీసులో మిఠాయి పంచితే పక్కవాళ్ళకి ఇచ్చేసేది. నూనె తగ్గించమని నన్ను అడిగింది. తగ్గించాను. నేనూ లావుపాటివాణ్ణే. కొన్నాళ్ళు ఆమెతో పార్కుకు వెళ్ళి, చలి మొదలవగానే మానేశాను. ఆమె మానలేదు. మెల్లగా మెడ తేలింది. ఎప్పుడో బీరువా అడుగున పడేసిన చుడీదార్లు పట్టాయి.

ఆ దీపావళికి మా అపార్ట్‌మెంట్ల ఆవరణలో అందరం చేరాం. పక్క ఫ్లాట్ ఆయన నా భుజం తట్టి, "అరే భాయ్ సాబ్, భాభీజీ పక్కన మీరు అంకుల్‌లా ఉన్నారు!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాధవి కూడా నవ్వింది. అది నన్ను వెక్కిరించే నవ్వు కాదు. ఎన్నాళ్ళకో తన గురించి ఒకరు మంచి మాట అన్నారని సంతోషం, అంతే. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా ఎందుకంత మండింది? ఆమె నన్ను వదిలి ఎక్కడికో నడిచి వెళ్ళిపోతున్నట్టు, నేను ఆయాసపడుతూ వెనకే నిలబడిపోయినట్టు ఎందుకనిపించింది?

మర్నాడు ఆమె పప్పులో నెయ్యి వేశాను. ఆ ఒక్క రోజుకే అనుకున్నాను. తర్వాత రొట్టెల పిండిలో నూనె, కూరలో జీడిపప్పు ముద్ద, పాలల్లో మీగడ. నోటికి తెలుస్తుందేమోనని మొదట భయపడ్డాను. తెలియలేదు. "మీ చేతి రుచి" అని మెచ్చుకుంది. అనుమానించడానికి ఆమెకు కారణం ఏముంది? కట్టుకున్నవాడి చేతి అన్నం.

బరువు తగ్గడం ఆగింది. తర్వాత పెరిగింది. ఒక ఆదివారం బరువు చూసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏవండీ, నేనెక్కడ తప్పుతున్నానంటారు?"

"నువ్వేం తప్పట్లేదులే. కొందరి ఒళ్ళు అంతే. మీ అమ్మగారిదీ ఇదే తీరు కదా."

"అయితే నాకూ అదే రాసిపెట్టుందంటారా?"

పెనం మీది రొట్టె తీసి ఆమె కంచంలో వేశాను.

నెయ్యి కన్నా ఆ మాటే పెద్ద నేరం. నెయ్యి ఒంటికి పట్టింది. ఆ మాట ఎక్కడ పట్టిందో నేను చూశాను. ఆ రోజు బాత్‌రూంలో కుళాయి తిప్పుకుని చాలాసేపు ఏడ్చింది. మర్నాడు మళ్ళీ బూట్లు వేసుకుంది. బయట పొగమంచు కళ్ళు మండిస్తున్నా ముక్కుకు మాస్కు కట్టుకుని వెళ్ళింది. అలా ఎన్నిసార్లు పడిందో అన్నిసార్లూ లేచింది. ఎన్నిసార్లు లేచిందో అన్నిసార్లూ నేను పడేశాను. ఆమె అలా లేస్తుంటే నాకు సిగ్గు వేయాల్సింది. కోపం వచ్చేది.

చివరికి మధ్యాహ్నం తిండి కూడా మానేసింది. నాకు చెప్పలేదు. ఒకరోజు ఆమె ఫోన్ నుంచి ఎవరో అమ్మాయి చేసింది. "భయ్యా, జల్దీ ఆయియే, దీదీ గిర్ గయీ హై" అంది. మాధవి మెట్రో మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో రక్తం పరీక్షిస్తే, గుమ్మం దగ్గరున్న షుగర్ ఇంట్లోకి వచ్చేసిందన్నారు. కట్టు వేసిన చేతిని ఒళ్ళో పెట్టుకుని మాధవి నాకు క్షమాపణ చెప్పింది. తనకు నిగ్రహం లేక నన్ను ఇంత కష్టపెట్టిందట.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. మందులు తెస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.

ఆ రోజుతో నెయ్యీ నూనే కలపడం మానేశాను. కట్టు విప్పాక ఆమె మళ్ళీ పార్కుకు వెళ్ళింది. ఈసారి పడలేదు. పడేసేవాడు లేడు కదా. బరువు తగ్గింది. మాత్రలు మాత్రం పోలేదు, పోవని డాక్టర్ అంది. ఇప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్ళు ఎలా తగ్గారని అడుగుతుంటారు. "మధ్యలో నిగ్రహం తప్పాను. మావారి వంటే నన్ను నిలబెట్టింది" అంటుంది, నా ఎదురుగానే. నేను తల దించుకుంటే వినయం అనుకుంటారు.

ఎందుకు చెప్పలేదు? ఇక నా చేతి ముద్ద తినదని భయం. చెప్పి ఆమె మనసు విరచడం ఎందుకని కూడా అనుకున్నాను. అది దయ కాదు. నేను చెప్పనన్నాళ్ళూ ఆమె తాను బలహీనురాలిననే అనుకుంటుంది. ఆ దొంగతనం ఇంకా ఆగలేదు. ఆమెకు ఎప్పటికైనా చెబుతానా? చెబుతానని మీకు మాటివ్వలేను. నా మాట ఎంత నమ్మదగినదో ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఒక్క నిజం మాత్రం ఆమె చెవిన కాకపోయినా ఎవరో ఒకరి చెవిన వేయాలనిపించింది. మాధవి నిగ్రహం ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇది రాయగలిగాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.