థోరా స్కోగెన్ ఇంటి పొగగొట్టం

థోరా స్కోగెన్ పోయిన వారం కన్నుమూసింది. మా పత్రికలో రెండు వాక్యాలు వేసి ఊరుకున్నాను. పుట్టింది మినెసోటాలో, బతికింది మోంటానాలో, పెళ్ళి చేసుకోలేదు. అచ్చయ్యాక చూసుకుంటే నాకే సిగ్గేసింది. మూడు వందల ఇరవై ఎకరాలు ఒక్కతే దున్నుకుని ముప్పై ఎనిమిదేళ్ళు బతికిన మనిషి ఆమె. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో మగవాళ్ళే తట్టాబుట్టా సర్దుకుని రైలెక్కి పోయారు. ఆమె కదల్లేదు. అసలు ఆ భూమి ఆమెకు దక్కకుండా పోవలసింది. అందులో నా చేయి ఉంది కాబట్టి ఆ సంగతి నేనే రాయాలి.

సర్కారు ఊరికే భూమి ఇస్తోందని రైలు కంపెనీలు ఊదరగొడితే వచ్చినవాళ్ళమే మేమంతా. అంతకు ముందు ఆ నేల ఎవరిదని మాలో ఒక్కరూ అడగలేదు. అయినా ఊరికే ఏం కాదు. మూడేళ్ళు ఆ నేల మీదే కాపురం ఉండాలి. వదిలేసి పోయారని ఎవడైనా రుజువు చేస్తే వాడే రాయించుకోవచ్చు. అందుకని మా దగ్గర పొద్దున లేస్తే అందరి కళ్ళూ పక్కవాడి పొగగొట్టం మీదే. పొగ వస్తే మనిషి ఉన్నట్టు. రెండు వారాలు రాకపోతే ఎవడో ఒకడు గుర్రమెక్కి మెల్లగా అటు తిరిగి వచ్చేవాడు. పలకరించడానికి వెళ్ళానని చెప్పుకునేవాడు.

థోరాకు దగ్గరి పొరుగు ఎబెన్ స్టిక్నీ. ఇద్దరి ఇళ్ళకూ మధ్య అర మైలు. యాభై దాటిన ఒంటరివాడు, నోట్లోంచి మాట ఊడిపడడమే గగనం. రోజూ సాయంత్రం దిబ్బెక్కి ఆమె ఇంటివైపు చూస్తూ నిలబడేవాడు. అది ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆమెకది మూడో చలికాలం. జనవరిలో, చెల్లెలికి కాన్పు కష్టమై జ్వరం పట్టుకుందని టెలిగ్రాం వచ్చింది. కోళ్ళను మా ఆవిడకు అప్పజెప్పి ఆ పూటే రైలెక్కింది. వెళ్ళేముందు భూముల ఆఫీసుకు ఒక కాగితం రాసి పంపితే ఐదు నెలల దాకా చట్టం ఒప్పుకుంటుంది. ఆ కంగారులో ఆమె పంపలేదు. గుర్తు చేయవలసిన నేనూ చేయలేదు. చెల్లెల్ని పాతిపెట్టి, వెళ్ళిన ఏడు వారాలకు తిరిగొచ్చింది.

వచ్చిన మర్నాడే మా అచ్చాఫీసుకు వచ్చింది.

"మా ఇంట్లో ఎవరో ఉన్నారండీ."

"ఇప్పుడా?"

"నేను లేనప్పుడు. పొయ్యి శుభ్రంగా ఊడ్చి వెళ్ళాను. ఇప్పుడు దాన్నిండా బూడిద. గుమ్మం ముందు మంచులో మగవాడి బూట్ల అడుగులు. రోజూ తొక్కి తొక్కి దారి పడింది."

"ఏం పోయింది?"

"చెంచా కూడా పోలేదు. నా బొగ్గు కుప్ప కూడా తగ్గలేదు. అదే నా భయం."

"అడుగులు ఎటు పోయాయి?"

"స్టిక్నీగారి ఇంటివైపు."

నేను క్షణం ఆలోచించలేదు.

"ఇంకేం మరి! తన బొగ్గు తెచ్చుకున్నాడంటే కాపురానికే తెచ్చుకున్నాడు. మీరు లేరని, ఆ ఇంట్లో తనే ఉన్నానని రేపు దావా వేస్తాడు. దిబ్బెక్కి కాపలా కాసింది ఎందుకనుకున్నారు?"

"ఆయన ఎప్పుడూ ఒక్క మాట తప్పుగా మాట్లాడలేదండీ."

"మాట్లాడితే కదమ్మా తప్పుగా మాట్లాడేది!"

నా మాటకు నేనే నవ్వుకున్నాను. ఆమె నవ్వలేదు. ఎదురుగా ఉన్న కొట్లో తాళం కొనుక్కుని వెళ్ళింది. ఆ తరువాత స్టిక్నీ కనబడి టోపీ తీస్తే తల తిప్పుకునేది.

వేసవికి మూడేళ్ళు నిండాయి. పట్టా కావాలంటే నలుగురు సాక్షుల పేర్లతో ఐదు వారాలు ప్రకటన వేయాలి. మా పత్రిక బతికిందే ఆ ప్రకటనల మీద. దగ్గరి పొరుగువాడి పేరు ముందు వేయడం మా వాళ్ళ ఆనవాయితీ. ఆమె ఇచ్చిన కాగితంలో స్టిక్నీ పేరే లేదు. ఉన్నవాళ్ళలో దగ్గరివాడిది మూడు మైళ్ళ దూరం. మంచి పని చేసిందనుకుంటూ అక్షరాలు కూర్చాను.

ఆ ఖాళీ, పట్టాల విచారణ చేసే కమిషనర్ కంట్లో పడింది. అర మైలులో ఉన్నవాడు ఎందుకు లేడని అనుమానించి, విచారణ రోజున స్టిక్నీకి కబురు పెట్టాడు. నేనూ వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. ఇవాళ వీడి బండారం బయటపడుతుందని నా సంబరం.

స్టిక్నీ చెయ్యెత్తి ప్రమాణం చేశాడు.

"నీకూ ఈవిడకూ తగాదా ఏమైనా ఉందా?" అన్నాడు కమిషనర్.

"నాకైతే లేదండీ."

"ఈ చలికాలమంతా ఈవిడ ఆ ఇంట్లోనే ఉందా?"

"పొగ వచ్చిందండీ. జనవరిలో, ఫిబ్రవరిలో, రోజూ వచ్చింది. నా కళ్ళతో చూశాను."

"నేనడిగింది పొగ సంగతి కాదు. మనిషి ఉందా లేదా?"

స్టిక్నీ మెడ ఎర్రబడింది. అబద్ధమాడే అలవాటు లేని మనిషి అబద్ధానికి సిద్ధపడుతున్నాడని చూస్తేనే తెలుస్తోంది. నేను థోరావైపు చూశాను. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకంటే ముందు ఆమెకే అర్థమైంది.

"ఉం..." అని స్టిక్నీ మొదలుపెట్టేలోపే ఆమె లేచింది.

"ఆయన్ని అడగకండి. నేను లేను. ఏడు వారాలు మా చెల్లెలి దగ్గర ఉన్నాను. ఆ పొగ ఆయన పెట్టిన మంటదే."

"కాగితం పంపి వెళ్ళావా?"

"లేదండీ."

కమిషనర్ కలం కింద పెట్టాడు. "ఇవాళ పట్టా ఇవ్వలేను. ఇంకో చలికాలం ఉండి రా. ఈలోగా ఎవరైనా దావా వేస్తే నేను చేయగలిగింది లేదు" అన్నాడు.

ఎవరూ వేయలేదు. మరుసటి ఏడు స్టిక్నీ సాక్ష్యంతోనే ఆమెకు పట్టా వచ్చింది. కానీ ఆ రోజు అది ఎవరికీ తెలియదు. భూమి పోయినట్టేననుకుని ఆమె మెట్లు దిగింది. కింద స్టిక్నీ బండికి గుర్రాన్ని కడుతున్నాడు.

"నాకెందుకు చెప్పలేదండీ?" అంది.

"మీ పొలానికి తూర్పున ఉన్నవాళ్ళు రెండుసార్లు గుర్రాల మీద వచ్చి తిరిగారు. పొగ చూసి పోయారు. మీరొచ్చాక చెబుదామనుకున్నాను. అప్పటికే మీరు తాళం వేశారు."

"తప్పు చేశాను. క్షమించండి."

"ఇక్కడ ఒంటరిగా ఉన్న మనిషి అనుమానించక ఏం చేస్తుంది లెండి. ఎక్కండి, దించేసి పోతాను."

అక్కడితో నేను నోరు మూసుకుని పోతే బాగుండేది. మనసు ఊరుకోలేదు. దగ్గరికి వెళ్ళాను.

"స్టిక్నీ, ఆవిడకు నీ మీద అలా నూరిపోసింది నేనే. మనసులో పెట్టుకోకు."

అతను పగ్గాలు పట్టుకుని నన్ను తేరిపార చూశాడు. అన్నేళ్ళలో నాతో అంత పొడుగు మాట మాట్లాడింది అప్పుడే.

"ఆవిడకు భూమి పోతుందని భయం. అందుకని అనుమానించింది. నీకేం పోతుందని అనుమానించావయ్యా?"